‘అర్థమైంది సార్’ తర్వాత: ప్రైవేటు బడుల్లో డిజిటల్ పాఠం

ఏప్రిల్ వచ్చిందంటే ఊళ్లో కరెంటు స్తంభాలన్నిటికీ ఫ్లెక్సీలు వేలాడతాయి. ‘డిజిటల్ క్లాస్‌రూమ్స్, ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్, బస్సు సౌకర్యం కలదు’ అన్న మాటలు దాదాపు అన్నిటి మీదా ఉంటాయి. బడి పేరు, కరస్పాండెంట్ ఫోటో మాత్రమే మారతాయి. తెలుగు నేల మీద ‘టెక్నో స్కూల్’ అన్న మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం కూడా ఉంది. బోర్డు మీద టెక్నో అని రాసి ఉంటే లోపల కంప్యూటర్లు ఎక్కువ ఉంటాయని కాదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ, నీట్ పునాది పేరుతో లెక్కలు, సైన్సు ఎక్కువ రుద్దుతారని. అంటే మన దగ్గర టెక్నాలజీ ముందు బోర్డెక్కింది, క్లాసులోకి తర్వాతెప్పుడో వచ్చింది.

ఇప్పుడు మాత్రం నిజంగానే వచ్చింది. మండల కేంద్రంలో రేకుల షెడ్డులో మొదలైన బడిలో కూడా గోడకు పెద్ద టచ్ ప్యానెల్ కనిపిస్తోంది. కాబట్టి అది ఉందా లేదా అని అడిగే రోజులు పోయాయి. ఆన్ చేశాక క్లాసులో ఏం మారుతోందన్నదే చూడాలి. ప్యానెల్ నుంచి పిల్లల వైపు పాఠం పంపడం చాలా తేలిక. పిల్లల్లో ఎవరికి ఏది ఎక్కడ తెగిపోయిందో ఆ కబురు టీచర్ వైపు తిరిగి రావడమే కష్టం. బడి కొన్న టెక్నాలజీ మొదటి పని ఒక్కటే చేస్తుంటే అది ఖరీదైన నల్లబల్ల. రెండో పని కూడా చేస్తుంటే కొన్నందుకు ఫలితం ఉన్నట్టు.

మొదటి పని మనకేమీ కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఇస్రో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ‘సైట్’ అనే టీవీ ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పెట్టెలు చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పొద్దున పూట బడి పిల్లలకు కార్యక్రమాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లిన తరం ఇప్పుడు తల్లిదండ్రులైంది. వాళ్లలో చాలామందికి కంప్యూటర్ అంటే చదువు నేర్పిన వస్తువుగా గుర్తులేదు, తాళం వేసిన చల్లని గదిగా గుర్తుంది.

ప్రైవేటు బడుల్లో అసలు కథ 2000 తర్వాత మొదలైంది. ఎడ్యుకాంప్ అనే కంపెనీ ‘స్మార్ట్ క్లాస్’ పేరుతో ప్రొజెక్టరు, బోర్డు, సర్వరు, పాఠాలు అన్నీ తానే తెచ్చి బిగించేది. బడి ఒక్కసారిగా డబ్బు పెట్టనక్కర్లేదు. పిల్లవాడికి నెలకు ఇంత అని కొన్నేళ్ల పాటు కడితే చాలు. కరస్పాండెంట్లకు ఈ లెక్క బాగా నచ్చింది, ఎందుకంటే ఆ ‘ఇంత’కు ఇంకొంచెం కలిపి ఫీజులో వేసుకోవచ్చు. తర్వాత సామాను ధర పడిపోయింది, పోటీ కంపెనీలు వచ్చాయి, అప్పులు పెరిగాయి. 2017లో ఎడ్యుకాంప్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇది ఒక్క కంపెనీ జాతకం కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ మీదా దివాలా ప్రక్రియ మొదలైంది. బడికి కావలసింది పదేళ్లు నిలిచే ఏర్పాటు. పాఠాలు అమ్మే కంపెనీకి అంత ఆయుష్షు ఉంటుందని నమ్మకం లేదు. అందుకే, కంపెనీ మూతపడితే పాఠాలు మన దగ్గర ఉంటాయా, లాగిన్‌తో పాటే పోతాయా అని ఒప్పందం మీద సంతకం పెట్టేముందే అడగాలి. చాలా బడులు అడగవు. ప్యానెల్‌తో పాటు స్టాండు ఫ్రీగా ఇస్తారా అని మాత్రం తప్పకుండా అడుగుతాయి.

ఇక ఒక పీరియడ్‌ను దగ్గర నుంచి చూద్దాం. ఆరో తరగతి, నలభై మంది పిల్లలు, నలభై నిమిషాలు. పాఠం భిన్నాల కూడిక. క్లాస్ లీడర్ ఆఫీసు రూముకు పరుగెత్తి రిమోట్ తెస్తాడు. ప్యానెల్ వెలుగుతుంది, అప్‌డేట్ అడుగుతుంది. లాగిన్‌కు ఓటీపీ కావాలి, అది కరస్పాండెంట్ ఫోనుకు వెళ్తుంది, ఆయన ఫోను ఎంగేజ్‌లో ఉంటుంది. ఐదారు నిమిషాలు ఇలా పోయాక తొమ్మిది నిమిషాల వీడియో మొదలవుతుంది. రంగురంగుల పిజ్జా ముక్కలుగా విడిపోయి మళ్లీ కలుస్తుంది. (మన పిల్లలకు పిజ్జా కంటే అట్టు దగ్గర చుట్టం, కానీ వీడియో చేసినవాళ్లకు అట్టు తెలియదు.) పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. వీడియో ఆగగానే టీచర్ ‘అర్థమైందా?’ అంటారు. నలభై గొంతులు ఒక్కటై ‘అర్థమైంది సార్’ అంటాయి. ఆ తర్వాత పక్కనున్న బోర్డు మీద నాలుగు లెక్కలు చేస్తారు, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, బెల్లు మోగుతుంది.

ఆ రాత్రి హోంవర్కులో 3/4 + 2/5 ఇస్తే చాలామంది 5/9 అని రాస్తారు. లవానికి లవం, హారానికి హారం కలిపేశారు. ముప్పావు అట్టు ఉన్నవాడికి ఇంకొంచెం అట్టు వేస్తే ఉన్నదే తగ్గి సగం చిల్లరకు వచ్చిందన్నమాట. ఈ తప్పు ప్రపంచంలో ప్రతి లెక్కల టీచర్‌కూ తెలుసు. కానీ తన క్లాసులో ఈ పొద్దున ఎంతమంది చేశారో వీడియో చెప్పదు. ‘అర్థమైంది సార్’ అసలే చెప్పదు. నోట్సు దిద్దేటప్పుడు తెలుస్తుంది, అప్పటికి దశాంశాల పాఠం మొదలై ఉంటుంది.

అదే పీరియడ్‌ను ఇంకోలా నడపవచ్చు. వీడియో నాలుగు నిమిషాల దగ్గర ఆపి, తెర మీద ఒకే ఒక్క ప్రశ్న పెట్టాలి: 3/4 + 2/5 ఎంత? ఎ) 23/20, బి) 5/9, సి) 5/20, డి) 6/20. ఈ జవాబులు ఊరికే పెట్టినవి కావు. బి అన్నవాడు పైన పైనవి, కింద కిందవి కలిపాడు. సి అన్నవాడికి క.సా.గు. 20 అని తెలుసు, కానీ లవాలను దానికి తగ్గట్టు మార్చడం మరిచాడు. డి అన్నవాడు కూడికకు బదులు గుణించేశాడు. మూడూ తప్పులే, కానీ మూడు వేరు వేరు జబ్బులు. ముగ్గురికీ ఒకే మందు వేస్తే ఎవరికీ తగ్గదు.

నలభై మంది జవాబులు ఒక్కసారి తెలుసుకోవడానికి నలభై ట్యాబ్‌లు అక్కర్లేదు. ప్లికర్స్ అనే యాప్ ఉంది. ప్రతి పిల్లవాడి చేతిలో ఒక ప్రింటు కార్డు ఉంటుంది, దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ. కార్డును ఏ పక్క పైకి తిప్పి పట్టుకుంటే అదే జవాబు. టీచర్ తన ఫోను కెమెరాను క్లాసు మీద ఒకసారి అటు నుంచి ఇటు తిప్పితే ఎవరు ఏది అన్నారో ఫోనులో పడుతుంది. కార్డులన్నీ వేరు వేరుగా ఉంటాయి కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడమూ కుదరదు. కార్డుల జిరాక్సు ఖర్చు ఒక సినిమా టికెట్టు అంత కూడా కాదు.

బి అన్నవాళ్లు పదిహేను మంది తేలారనుకుందాం. టీచర్ వెంటనే జవాబు చెప్పకుండా, వేరే జవాబు అన్న పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోమంటారు. క్లాసు గోలగోలగా ఉంటుంది, కారిడార్‌లో ప్రిన్సిపాల్ ఆగి చూస్తారు. ‘నీ దగ్గర ముప్పావు ఉంటే, నేను ఇంకా ఇస్తే, తగ్గిందంటావేంట్రా?’ అని ఎవరో అంటారు. మళ్లీ కార్డులెత్తితే బి తగ్గుతుంది. ఇది కొత్త కిటుకేమీ కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు 1991 నుంచి ఇలాగే చెబుతున్నారు. తన లెక్చర్లు అద్భుతంగా ఉన్నాయని విద్యార్థులు మెచ్చుకుంటున్నా, మూల భావనలు వాళ్ల తలకెక్కలేదని ఒక పరీక్ష పెట్టి చూశాకే ఆయనకు తెలిసింది. ‘అర్థమైంది సార్’ హార్వర్డ్‌లోనూ ఉందన్నమాట.

నిజానికి మన విధానంలోనే దీనికి చోటుంది. తెలుగు రాష్ట్రాల్లో బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్షలన్న మాటలు తెలుసు. ఫార్మేటివ్ పరీక్ష పుట్టిందే పాఠం నడుస్తుండగా పిల్లవాడు ఎక్కడ ఆగాడో పట్టుకోవడానికి. అది చివరకు మార్కుల ఎంట్రీ అయిపోయింది. స్లిప్ టెస్టు పెట్టడం, దిద్దడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, మమ అనిపించడం. టెక్నాలజీ ఈ ఎంట్రీ పనిని వేగం చేసింది. ఆ మార్కుల్లో ఉన్న కబురు చదివే తీరికను మాత్రం టీచర్‌కు ఇవ్వలేదు.

కబురు తిరిగి వస్తే ఎంత తేడా పడుతుందో మన దేశంలోనే కొలిచారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియాన్ అనే పరిశోధకులు ఢిల్లీలో చేసిన అధ్యయనం 2019లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. 6 నుంచి 9 తరగతుల పిల్లల్లో లాటరీ తీసి కొందరిని ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్‌తో చదువు చెప్పే సెంటర్లకు పంపారు. అక్కడ రోజుకు తొంభై నిమిషాలు. సగం సేపు సాఫ్ట్‌వేర్ ముందు, సగం సేపు చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లో వాళ్లు గణితంలో మిగతావాళ్లకంటే 0.37 ప్రామాణిక విచలనం, హిందీలో 0.23 మేర ముందుకెళ్లారు. మాటల్లో చెప్పాలంటే, సెంటరుకు వెళ్లని పిల్లలు ఆ కాలంలో ఎంత నేర్చారో దానికి రెట్టింపు పైనే నేర్చారు.

అయితే అంకె కంటే కారణం ముఖ్యం. ఆ పిల్లల్లో ఆరో తరగతి వాళ్లు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. అంటే ఆరో తరగతి పుస్తకం చేతిలో ఉన్నా, లెక్క మూడో తరగతి దగ్గర ఆగింది. పై తరగతులకు పోయేకొద్దీ ఆ దూరం పెరిగింది. సాఫ్ట్‌వేర్ చేసిన పనల్లా ప్రతివాడి చేతా ముందు కొన్ని ప్రశ్నలు చేయించి, వాడు ఆగిన చోటు కనిపెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టడం. బొమ్మలు అందంగా ఉండటం వల్ల వచ్చిన ఫలితం కాదది. వాళ్లు ప్రభుత్వ బడుల పిల్లలు, చదివింది బడి అయ్యాక వేరే సెంటరులో. ప్రైవేటు బడి నలభై నిమిషాల పీరియడ్‌లో అచ్చంగా అదే ఫలితం వస్తుందని చెప్పలేం. కానీ ‘మాది ప్రైవేటు, మా పిల్లలు వెనకబడరు’ అనుకోవడానికి కూడా ఆధారం లేదు. ప్రతి పిల్లవాడినీ వాడి మెట్టు మీదే కలవడం అన్న సూత్రం ఫీజు రసీదు చూసి మారదు.

ఫీజు అన్నాం కాబట్టి ఒక చిన్న లెక్క. ప్యానెల్ లక్షన్నర అనుకుందాం, అయిదేళ్లు పనిచేస్తుందనుకుందాం, క్లాసుకు నలభై మంది. పిల్లవాడికి ఏడాదికి 750 రూపాయలు పడుతుంది. కరెంటు, రిపేరు, పాఠాల చందా కలిపితే ఇంకొంత. రసీదులో ‘టెక్నాలజీ ఫీజు’ లేదా ‘డిజిటల్ ఫీజు’ అన్న గడి ఉంటే, అందులోని అంకె పక్కన ఈ లెక్క పెట్టి చూసుకోవచ్చు.

డబ్బు సంగతి అటుంచితే, అసలు చిక్కు టీచర్ల దగ్గర ఉంది. కంపెనీ మనిషి వచ్చి ఒక మధ్యాహ్నం ‘ట్రైనింగ్’ ఇస్తాడు. ఏ బటన్ నొక్కితే ఏ పెన్ను వస్తుందో చూపిస్తాడు. సమోసా, టీ, గ్రూప్ ఫోటో. ఏ ప్రశ్న దగ్గర వీడియో ఆపాలో, తప్పు జవాబులు ఎలా తయారుచేయాలో ఆ ట్రైనింగులో ఉండదు, ఎందుకంటే అది అమ్మే సరుకు కాదు. చిన్న ప్రైవేటు బడుల్లో జీతాలు తక్కువ, ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగే డ్యూటీ అదనం. జూన్‌కల్లా కొందరు వేరే బడికి మారిపోతారు. నేర్చుకున్న మనిషి వెళ్లిపోతాడు, ప్యానెల్ గోడకే ఉంటుంది. కొత్త టీచర్‌కు పాస్‌వర్డ్ కూడా తెలియదు. వారానికి ఇరవై ఎనిమిది, ముప్ఫై పీరియడ్లు చెప్పే మనిషికి రేపటి పాఠంలో నాలుగు తప్పు జవాబులు ఆలోచించే సమయం ఎవరిస్తారు? వారానికి రెండు పీరియడ్లు ఆ పనికి వదిలే కరస్పాండెంట్, ఇంకో రెండు ప్యానెళ్లు కొనే కరస్పాండెంట్ కంటే తెలివైనవాడు. అయితే పీరియడ్లు వదిలిన సంగతి ఫ్లెక్సీ మీద వేసుకోలేడు.

భాష సంగతి ఇంకాస్త లోతుగా చూడాలి. డిజిటల్ పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులో, ఏ ఊరిదీ కాని ఒక యాసలో నడుస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే మూడో తరగతి పిల్లకు ‘ఇవాపరేషన్’ అన్న మాట తెర మీద పదిసార్లు వినిపించినా, టీచర్ వీడియో ఆపి ‘ఆరేసిన బట్టలు ఎలా ఆరాయి, నీళ్లు ఎక్కడికి పోయాయి?’ అని తెలుగులో అడిగినప్పుడే బొమ్మకూ మాటకూ ముడి పడుతుంది. చాలా బడుల్లో దీన్ని తప్పుగా చూస్తారు. ఇంగ్లిష్ మీడియం అని ఫీజు తీసుకుని తెలుగులో చెబుతారా అని తల్లిదండ్రులు కూడా అడుగుతారు. నిజానికి మంచి టీచర్లు చేసేది అదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు వేసే పద్ధతి 2020-21 నుంచి వచ్చింది. కాగితం మీద సర్కారు బడికి దొరికిన ఆ వీలు, తెర మీద చాలా ప్రైవేటు బడులకు ఇంకా దొరకలేదు.

తెర నిజంగా గెలిచే చోట్లు లేవని కాదు. కణం విడిపోవడం, గ్రహణం పట్టడం, గోదావరి పాపికొండల మధ్య ఎలా మలుపులు తిరుగుతుందో పై నుంచి చూడటం, ఇవి సుద్దముక్కతో కుదరవు. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ‘ఫెట్’ అనుకరణలు ఉచితం. వైర్లు, బ్యాటరీ, బల్బు లాగి కలిపితే కరెంటు ఎటు పోతోందో కదిలే చుక్కల్లో కనిపిస్తుంది. షార్ట్ సర్క్యూట్ చేసినా బడి ఫ్యూజు పోదు. పదిమంది పిల్లలను వరసగా పిలిచి ‘ఇక్కడ ఇంకో బల్బు పెడితే మొదటి బల్బు ఏమవుతుంది?’ అని ముందే చెప్పమని, ఆ తర్వాత చేసి చూపిస్తే, ప్యానెల్ కొన్న డబ్బు ఆ పూట గిట్టినట్టే. కానీ నిమ్మరసంలో నీలి లిట్మస్ ఎర్రబడటాన్ని వీడియోలో చూపించడం మాత్రం అన్యాయం. లిట్మస్ కాగితం దొరకనిది కాదు, నిమ్మకాయ అంతకన్నా కాదు. ల్యాబ్ తాళం తీయడానికి బద్ధకించి వీడియో వేసే బడి టెక్నాలజీ తెచ్చినట్టు కాదు, ఉన్న చదువులో కొంత తీసేసినట్టు.

క్లాసులో ప్యానెల్ కంటే బడి జీవితాన్ని ఎక్కువ మార్చింది వాట్సాప్. కరోనా కాలంలో మొదలైన గ్రూపులు బడులు తెరిచినా ఆగలేదు. డైరీ పోయి మెసేజ్ వచ్చింది. హోంవర్కు తల్లి ఫోనులో ఉంటుంది, కాబట్టి సాయంత్రం ఆ ఫోను పిల్లవాడి చేతికి వెళ్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. పల్లెల్లో చేసిన ‘అసర్’ 2024 విద్యా సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో ముందటి వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. హోంవర్కును నోటు పుస్తకంలో రాయించి పంపితే పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఆ ఫోనులోనే చాట్‌జీపీటీ లాంటివి కూడా ఉన్నాయి. సీబీఎస్‌ఈ 2019-20 నుంచే తొమ్మిదో తరగతిలో కృత్రిమ మేధను ఒక సబ్జెక్టుగా పెట్టింది, అది మంచిదే. కానీ దాని దెబ్బ వేరే చోట పడింది, ఇంటి దగ్గర రాసే వ్యాసం మీద. ‘నా ఇష్టమైన పండుగ’ అన్న ప్రాజెక్టు నలభై మందీ ఒకే రకం వాక్యాలతో తెస్తారు. టీచర్లు కూడా ప్రశ్నపత్రాలు దానితోనే చేయిస్తున్నారు కాబట్టి ఎవరూ ఎవరినీ అనే పరిస్థితి లేదు. దీనికి యాప్‌లో మందు లేదు. తెచ్చిన పిల్లను నిలబెట్టి ‘మీ ఇంట్లో సంక్రాంతికి అరిసెలు ఎవరు వండారు?’ అని రెండు నిమిషాలు మాట్లాడిస్తే ఎంత తనదో ఎంత తెచ్చిపెట్టుకున్నదో తెలిసిపోతుంది.

పిల్లల వివరాల సంగతి బడులు ఇంకా పట్టించుకోవడం లేదు. హాజరు యాప్, బస్సు యాప్, ఫీజు యాప్, పాఠాల యాప్, ప్రతిదానిలో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, మార్కులు ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నా, ర్యాంకుల జాబితాను పిల్లల ఫోటోలతో ఫేస్‌బుక్‌లో పెట్టడం చదువులో భాగం అనిపించుకోదు.

అడ్మిషన్ల రోజుల్లో బడి చూడటానికి వెళ్తే పీఆర్వో ముందుగా డెమో రూముకే తీసుకెళ్తాడు. ఏసీ వేసి ఉంటుంది. ప్యానెల్ మీద త్రీడీ గుండె గిర్రున తిరుగుతుంటుంది, వేలు పెడితే నాలుగు గదులూ విచ్చుకుంటాయి. చూసి ఆనందించాక లెక్కల టీచర్‌ను కలవాలని అడగాలి. పోయిన వారం పాఠంలో పిల్లలు ఎక్కువగా చేసిన తప్పేంటి, ఎంతమంది చేశారు, మీకెలా తెలిసింది అని. ఆ టీచర్ ఒక్క క్షణం ఆలోచించి, ‘సిక్స్త్ బీలో భిన్నాలండీ, పదిహేను మంది కింద కిందవి కలిపేశారు, మర్నాడు అట్టు బొమ్మ గీయించా, ఇంకా నలుగురు మిగిలారు’ అంటే, ప్యానెల్ ఎన్ని అంగుళాలో అడగాల్సిన పని లేదు. ‘మా పిల్లలందరికీ బాగానే అర్థమవుతుందండీ, అంతా డిజిటలే కదా’ అంటే మాత్రం, మళ్లీ ఆ తొమ్మిది నిమిషాల పిజ్జా వీడియో దగ్గరికే వచ్చినట్టు.